అమ్మ తినని ఎర్రగడ్డ

మా మనవరాలు కర్నూలులో ఇంటర్ చదువుతోంది. పోయిన నెల ఒక ఉదయం వంటింటి కిటికీలో గాజు గ్లాసు పెట్టి, నిండా నీళ్ళు పోసి, దాని మూతి మీద ఒక ఎర్రగడ్డను కూర్చోబెట్టింది. ఉల్లిపాయను మా వైపు అలాగే అంటాం. గడ్డ అడుగు నీళ్ళను తాకీ తాకనట్టు ఉంది. "దీన్ని కదిలించొద్దు జేజీ, వేర్లు రావాల. కాలేజీలో ప్రాక్టికల్ ఉండాది" అని చెప్పి బస్సుకు పరుగెత్తింది. రెండు మూడు రోజులకు తెల్లటి వేర్లు నీళ్ళలోకి దిగాయి. దేవుడి దగ్గర దీపం పెట్టి వంటింట్లోకి వచ్చిన ప్రతిసారీ నేను ఆ గ్లాసు ముందు ఆగిపోయాను. అది నాకు కొత్త కాదు. నేను చదువుకున్న చదువంతా అలాంటి గ్లాసు ముందే జరిగింది. మా ఇంటి దుఃఖం కూడా అలాంటి గడ్డ చుట్టూనే తిరిగింది.

ఓర్వకల్లు దాటి లోపలికి పోతే రాళ్ళ గుట్టలు వస్తాయి. ఆ గుట్టల కింద మా ఊరు. వాన పడిన ఏడు ఎర్రగడ్డ, పడని ఏడు దుమ్ము. మా ఇంట్లో ఎన్ని వాసనలున్నా వాటన్నిటి అడుగున అటక మీద పరిచిన ఎర్రగడ్డల వాసన ఒకటి ఎప్పుడూ ఉండేది. ముసురు పడితే కొన్ని కుళ్ళేవి. వాటిని వెతికి తీసెయ్యడం పిల్లల పని. కోత రోజుల్లో అమ్మ కూలి ఆడవాళ్ళతో పాటు చేనులో కూర్చుని కొడవలితో గడ్డల తోకలు కోసేది. సాయంత్రానికి ఆమె చేతులూ కొంగూ జడా అన్నీ అదే వాసన. ఆ చేతులతోనే జొన్నరొట్టెలు తట్టేది. అమ్మ పుట్టిల్లు కడప జిల్లాలో, ఒంటిమిట్ట దగ్గర. ఏ పని మొదలుపెట్టినా "కోదండరామా" అనుకోవడం ఆమెకు అక్కడ పట్టుబడిన అలవాటు. అది నాకూ అబ్బింది. ఆమె నాకిచ్చిన వాటిలో అన్నిటికన్నా గట్టిగా నిలిచింది అదే.

ఇంటికి పెద్ద మా నాయన తల్లి. మా జేజి. మెడలో తులసిపూసలు, నడుముకు వక్కాకు సంచి. చదువు రాదు కానీ గుడి పూజారి నోట ఒకసారి విన్న తిథిని మరిచిపోయేది కాదు. చెడ్డ మనిషని నేను అనలేను. నాకు అమ్మవారు పోసినప్పుడు పక్కనే కూర్చుని వేపమండతో విసిరింది ఆమే. నాయన పక్క ఊరి హైస్కూల్లో సైన్సు అయ్యవారు. సైకిల్ మీద వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇంటి ముందు పంచలో పీట మీద కూర్చుంటే ముందు రొట్టె, తర్వాత పప్పు, పక్కన పచ్చి ఎర్రగడ్డ చీలిక ఉండాలి. అది లేకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఆ సూర్యగ్రహణం నాటికి నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. నా తర్వాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఇక పిల్లలు లేరనుకున్నాక, వయసు మీరాక అమ్మకు మళ్ళీ కడుపు నిలిచింది. ఐదో నెల. జేజి పొద్దున్నే అన్ని గిన్నెల్లో దర్భపోచలు వేసి, అమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది. "కత్తిపీట ముట్టొద్దు, సూది ముట్టొద్దు. పట్టు విడిచేదాకా కదలొద్దు" అని చెప్పి తాను తడిచీరతో పెరట్లో జపానికి కూర్చుంది. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. వెలుతురు పలచబడి, పంచలో నీడలు కొడవళ్ళలా వంకర్లు పోయాయి. అప్పుడు నాయన సైకిల్ చప్పుడు వినిపించింది. బడికి ఒంటిపూట సెలవిచ్చారు.

"ఏమ్మే, యాడుండావు? ఆకలైతాంది" అన్నాడు.

అమ్మ గది లోపలినుంచే, "పట్టు విడవనీ. మీ యమ్మ జపంలో ఉండాది" అంది.

"నువ్వూ అట్లే మాట్లాడితే ఎట్ల? చందమామ సూర్యునికి అడ్డమొచ్చినాడు, అంతే. ఆడ్నుంచి ఈడికి ఎన్ని లక్షల మైళ్ళుండాదో చెప్తే నీకు కళ్ళు తిరుగుతాయి. రా. రొట్టె పెట్టు. ఎర్రగడ్డ కొయ్యి."

"వద్దు. భయమైతాంది."

"సైన్సు అయ్యవారి పెండ్లామే భయపడితే ఊర్లో వాళ్ళకు నేనేం చెప్పాల? కొయ్యి, ఏం కాదు. నేను చెప్తాండా కదా."

అమ్మ వచ్చింది. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. కత్తిపీట ముందు కూర్చుని, ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో గడ్డను నాలుగు చీలికలు కోసింది. గాలి ఆడని ఆ మధ్యాహ్నం ఆ ఘాటు ఇల్లంతా పాకింది. పెరట్లో జేజి ముక్కుకు అందింది. తడిచీర నేల మీద ఈడ్చుకుంటూ ఆమె తలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేతిలో చీలిక ఉంది. నాయన పళ్ళెంలో రొట్టె ఉంది.

"ఎవురే కోసింది? ఎవురికి?"

నాయన నోరు తెరిచాడు. ఆయన మాట రాకముందే అమ్మ ఆ చీలికను తన నోట్లో వేసుకుంది. "నాకే అత్తా. తినాలనిపించింది. ఆగలేకపోతి" అంది. నాయన తెరిచిన నోరు మూసుకున్నాడు. రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు.

తమ్ముడు పుట్టాడు. కళ్ళు ఏటవాలుగా, చెవులు చిన్నవిగా, మెడ నిలవకుండా, నాలుక కొద్దిగా బయటికి పెట్టి. పాలు తాగడానికే అలిసిపోయేవాడు. జేజి బిడ్డను వెలుతురులోకి తీసుకుపోయి అరచేయి విప్పి చూసింది. అరచేతికి అడ్డంగా ఒకటే గీత. ఆమె అక్కడే కూలబడింది. "గ్రహణం పూట కత్తి పట్టిన చెయ్యి! నా మనవడి బుద్ధిని కోసేసినావు గదే, నాలుక రుచి కోసరం!" అంది. నాయన పంచలో నిలబడి విన్నాడు. ఆ రోజు చెప్పి ఉంటే ఒక మాటతో పోయేది. మర్నాటికి ఆ మాట బరువెక్కింది. ఏడాదికి ఇంకా బరువెక్కింది. ఆ తర్వాత ఆయన దాన్ని ఎత్తలేకపోయాడని నేను అనుకుంటాను. అమ్మ బిడ్డను ఒంటిమిట్టకు తీసుకుపోయి స్వామి ముందు పడుకోబెట్టి కోదండం అని పేరు పెట్టించింది. తిరిగి వచ్చిన రోజునుంచి ఎర్రగడ్డ తినడం మానేసింది. "మొక్కుకున్నా" అంది, అంతే.

ఎర్రగడ్డలు పండే ఊళ్ళో, ఎర్రగడ్డలు నిండిన ఇంట్లో, ఎర్రగడ్డ లేకుండా తినడమంటే ఏమిటో చెప్పడం కష్టం. అందరికీ కూర చేసి, తనకు వేరే చిన్న గిన్నెలో పోపు పెట్టుకునేది. వట్టి కారప్పొడితో, మజ్జిగతో తినేది. కానీ నాయన పళ్ళెం పక్కన చీలిక పెట్టడం మాత్రం ఏ పూటా మానలేదు. తనే కోసి, తన చేత్తోనే పెట్టేది. నాయన తలెత్తకుండా తినేవాడు. నాకప్పుడు అది అమ్మ ఓర్పు అనిపించేది.

కోదండాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. అమ్మ చేనికి పోవాలి, జేజికి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఐదో తరగతితో నా బడి ఆగింది. ఏడ్చాను. నాయన మర్నాటి సాయంత్రం నుంచి తన పాత పుస్తకాలు తెచ్చి పంచలో కూర్చుని నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. అలసిపోయి వచ్చిన రోజు కూడా మానలేదు. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. ఆయన మీద నాకు కోపం ఉంది. ఆయనకు రోజూ దణ్ణం కూడా పెట్టుకుంటాను. రెండూ ఒకే మనసులో ఉన్నాయి.

కోదండం మా పక్కనే బొంత మీద కూర్చునేవాడు. నడక ఆలస్యంగా వచ్చింది, మాటలు ఇంకా ఆలస్యంగా. కానీ తినేటప్పుడు వాడికి ఒక పద్ధతి ఉండేది. తన పళ్ళెంలోంచి ఎర్రగడ్డ ముక్క తీసి ముందు అమ్మ నోటి దగ్గర పెట్టేవాడు. "తిను మా" అనేవాడు. అమ్మ మొహం పక్కకు తిప్పుకునేది. "మళ్ళ తింటాలే నాయనా, నువ్వు తిను" అనేది. జేజి వక్కాకు నములుతూ, "అడుగుతాండాడు గదే, పెట్టుకో! అప్పుడు ఆగలేకపోతివి, ఇప్పుడు ఆగుతాండావా?" అనేది. ఏ పూటా ఆ మాట తప్పేది కాదు. ఎంత అలవాటైపోయిందంటే, జేజి ఊరికి పోయిన రోజుల్లో భోజనం దగ్గర ఏదో తక్కువైనట్టు ఉండేది.

ఒక వేసవి సెలవుల్లో నాయన బడి సూక్ష్మదర్శినిని గోనెపట్టాలో చుట్టి సైకిల్ మీద ఇంటికి తెచ్చాడు. గ్లాసు మీద గడ్డ పెట్టి వేర్లు రప్పించాడు. ఒక వేరు చివర తుంచి, మందులో నానబెట్టి, ఎర్రరంగు వేసి, దీపం సెగకు కొద్దిగా వెచ్చజేసి, రెండు గాజుపలకల మధ్య బొటనవేలితో నొక్కాడు. "చూడు పాపా" అన్నాడు. ముందు నా కంటిరెప్పలే కనిపించాయి. తర్వాత గదులు. గోడ కట్టినట్టు గదులు. కొన్ని గదుల్లో ఎర్రటి దారప్పోగులు చిక్కుపడి ఉన్నాయి. ఒక గదిలో అవి నడుమ వరుసగా నిలబడ్డాయి. ఇంకో గదిలో రెండు గుంపులై అటొకటి ఇటొకటి జరిగిపోయాయి. "అవే క్రోమోజోములు. కణం రెండు కావాలంటే ముందు వాటికి నకలు తీసుకుంటాది. తర్వాత ఈ పక్క ఎన్నో ఆ పక్కా అన్నే పంచుతాది. దీన్ని సమవిభజన అంటారు. నీ చేతికి దెబ్బ తగిలి మానిందంటే ఇట్లే" అన్నాడు. ఆ క్షణంలో నేను మనసులో "కోదండరామా" అనుకున్నాను. ఎవరూ చూడని చోట, ఒక గడ్డ వేరు కొసలో కూడా ఇంత నిష్ఠగా పంపకం చేస్తున్నవాడు ఎవడో ఉన్నాడు కదా అనిపించింది. కోదండం కూడా కన్ను పెట్టి చూసి, "చీమ, చీమ" అని నవ్వాడు.

మరుసటి రోజు నాయన చింతగింజలు తెచ్చి నేల మీద పోశాడు. సగం గింజలకు పసుపు రాశాడు. పసుపువి తల్లినుంచి వచ్చిన క్రోమోజోములు, మామూలువి తండ్రినుంచి వచ్చినవి. పిల్లలు పుట్టేందుకు అండం తయారయ్యేటప్పుడు పంపకం వేరే రకంగా ఉంటుందని చెప్పాడు. మనిషికి ఇరవైమూడు జతలు. ముందు ఒక్కో జతా ఎదురెదురుగా వచ్చి విడిపోవాలి. జతలో ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. ఆ తర్వాత గింజను బద్దలు చేసినట్టు ఒక్కోటీ మళ్ళీ రెండవుతుంది. అలా సగానికి తగ్గితేనే, తండ్రి సగం వచ్చి కలిసినప్పుడు లెక్క సరిపోతుంది. క్షయకరణ విభజన అని దాని పేరు. ఆయన జతలు పేర్చి విడదీస్తున్నాడు. కోదండం బొంత మీదినుంచి వంగి, ఆ కుప్పలో పడాల్సిన గింజనొకదాన్ని తీసి ఈ కుప్పలో వేసి చప్పట్లు కొట్టాడు.

నాయన చేయి ఆగిపోయింది.

"అది ఈ పక్కకే పోతే ఏమైతాది నాయనా?" అన్నాను.

ఆయన ఆ గింజను చేతిలోకి తీసుకుని, "బిడ్డకు ఒకటి ఎక్కువైతాది. ఇరవైఒకటో జత ఉండాల్సిన కాడ మూడుంటాయి. ఆ పిల్లోళ్ళు..." అని ఆగి, కోదండం తల మీద చేయి వేశాడు. "ఆ పిల్లోళ్ళు ఇట్లుంటారు."

"అట్ల పోవడం ఎవురి తప్పు?"

"ఎవురిదీ కాదు. పంచుకునేటప్పుడు ఒక్కోసారి జత విడిపోదు."

"ఇదెప్పుడు జరుగుతాది?"

"బిడ్డ కడుపులో పడకముందే."

గ్రహణం నాటికి కోదండం ఐదు నెలల పిండం. నాకు లెక్క వచ్చు, నేర్పింది ఆయనే. "అయితే అమ్మ ఎర్రగడ్డ కోసేనాటికి అంతా అయిపోయింటాది కదా నాయనా. జేజికి చెప్పు. నువ్వే అడిగినావని కూడా చెప్పు."

ఆయన గింజలన్నీ ఒకటొకటిగా ఏరి సంచిలో వేసుకున్నాడు. "ముసలామెకు ఇవన్నీ యాడ అర్థమైతాయి పాపా" అని లేచి సైకిల్ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బడిలో ఆ బొమ్మలే రంగురంగుల సుద్దముక్కలతో బోర్డు మీద గీసేవాడు. ఎంత చక్కగా గీసేవాడో ఆయన దగ్గర చదివినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు.

నేను ఆగలేక అమ్మ దగ్గరికి పోయాను. పొయ్యి ముందు రొట్టె తడుతోంది. అంతా చెప్పాను. ఆమె చేయి ఆపలేదు. "మీ నాయన చెప్పమన్న్యాడా?" అంది. లేదన్నాను. "అయితే నువ్వు ఊరకుండు. ఆయప్ప నోటెంట రావాల్సిన మాట నీ నోటెంట వద్దు." రొట్టె పెనం మీద వేసి, పైన తడి గుడ్డ అద్దింది. ఆ రోజు నుంచి నేను కూడా ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఈ పూట చెప్తాడేమో, ఈ పండక్కి చెప్తాడేమో అని. జేజి మంచాన పడింది. ప్రాణం పోయేముందు కోదండాన్ని దగ్గరికి తీసుకుని, "మీ యమ్మ చేసిన పనికి నువ్వు మోస్తివి గదరా" అని ఏడ్చింది. నాయన ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని ఉన్నాడు. చెప్పలేదు. కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. చివరి వారం మాట పడిపోయింది. కళ్ళు మాత్రం అమ్మ వెంట తిరుగుతుండేవి. అమ్మ ఆయన నోట్లో నీళ్ళు పోస్తూ మొహంలోకి చూసేది. ఆయన ఏం చెప్పాలనుకున్నాడో ఆ రాముడికే తెలుసు.

కోదండానికి పుట్టుకతోనే గుండె బలహీనం. నడివయసులో ఆయాసం ఎక్కువైతే అమ్మా నేనూ కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. మందులు రాసి, అమ్మ చేతులు పట్టుకుని, "ఇది మీ తప్పు కాదమ్మా. మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే మీ అండాలు తయారవడం మొదలై, మధ్యలో ఆగి ఉంటాయి. ఏళ్ళ తరబడి అలా ఆగి, మళ్ళీ సాగేటప్పుడు ఒక్కోసారి జత విడిపోదు. వయసు పెరిగేకొద్దీ అది ఎక్కువ. మీరు తిన్నదీ చేసిందీ ఏమీ లేదు" అంది. అడగకుండానే అంది. తర్వాతి పేషెంటును పిలిచేలోపు అయిపోయింది ఆ మాట. ఆ డాక్టరమ్మను దేవుడు చల్లగా చూడాలని నేను ఇప్పటికీ మొక్కుకుంటాను.

బయట బెంచీ మీద కోదండాన్ని నడుమ కూర్చోబెట్టుకుని కూర్చున్నాం. "మా యమ్మ కడుపులో ఉన్నప్పుడే అంట" అని అమ్మ వింతగా తనలో తాను అనుకుంది. ఇప్పుడైనా ఆ మొక్కు వదిలెయ్యమన్నాను.

"నాకు ఈ పొద్దు తెలిసిందా పాపా? నువ్వు చెప్పిన పొద్దే తెలిసె. ఎర్రగడ్డ మింద మొక్కు లేనే లేదు. స్వామికి నేను ఏం చెప్పుకోలేదు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు తినకపోతివి?"

అమ్మ కోదండం చొక్కా గుండీ సరిచేసింది. "ఆయప్ప చూడాలని. నేను వట్టి రొట్టె తింటాంటే ఆయప్ప పూటపూటా చూస్తాండె. ఆయప్ప పళ్ళెంలో నేనే కోసి పెడ్తాంటి. తింటాండె. ఒక్క పూటన్నా గొంతుకు అడ్డం పడి ఆ మాట బయటికొస్తాదేమోనని చూస్తి. రాకపాయె." ఇంకో గుండీ కూడా సరిచేసి, "ఇప్పుడు ఎవురు చూడాలని మానాల? కానీ నాలుక మరిచిపోయింది" అంది.

ఓర్పు అనుకున్నాను నేను. నా చిన్ననాటి భోజనాలన్నీ, ఆ పంచ, ఆ పళ్ళేలు, తల వంచుకుని తింటున్న నాయన, అన్నీ ఆ బెంచీ మీద ఒక్కసారిగా వేరే రంగు తిరిగాయి. జేజి ఒక్కతే కాదు, ఆ ఇంట్లో అందరూ ఒకరినొకరు కోసుకుంటూనే తిన్నారు. ఏ మచ్చా లేకుండా తిన్నవాడు కోదండం ఒక్కడే.

వాడు ఆ చలికాలం దాటలేదు. చివరి రోజుల్లో ముద్ద ముట్టడం మానేశాడు. పెదవులు నీలంగా ఉండేవి. ఒక మధ్యాహ్నం అమ్మ రొట్టెను పాలలో నానబెట్టి పెడుతుంటే నోరు బిగించి తల అడ్డంగా ఊపాడు. నా పళ్ళెం వైపు చేయి చాపాడు. నేను ఎర్రగడ్డ ముక్క అందించాను. వాడు దాన్ని ఎప్పటిలా అమ్మ నోటి దగ్గర పెట్టాడు.

"తిను మా. నేను తింటా."

అమ్మ మొహం తిప్పుకోలేదు. ఆ ముక్కను వాడి వేళ్ళనుంచి నోటితో అందుకుని నమిలింది. "అబ్బ, ఘాటుగా ఉండాది రా" అంది. కోదండం ఊపిరి అందని నవ్వు ఒకటి నవ్వి నోరు తెరిచాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. వాడు పోయాక అమ్మ కూడా ఎక్కువ కాలం లేదు. ఉన్నన్నాళ్ళూ రొట్టె పక్కన ఒక ముక్క పెట్టుకుని తినేది. రుచి తెలుస్తోందా అని అడిగితే, "వాని చేతిదే తెలిసింది. ఇవేవీ తెల్లేదు" అనేది.

ఇప్పుడు కాలం మారిందంటారు. కడుపుతో ఉన్న పిల్లలకు మూడో నెలలోనే రక్తం తీసి చూస్తున్నారు. ఆసుపత్రి గోడల మీద బొమ్మలున్నాయి. మొన్న అదే ఆసుపత్రిలో మందుల కోసం వరుసలో నిలబడితే, నా వెనక ఒక అత్త కోడలిని అడుగుతోంది: "నిజం చెప్పు, గ్రహణం పొద్దు ఏం ముట్టినావు?" కోడలు తల వంచుకుని ఉంది. పక్కన కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. నేను వెనక్కి తిరిగి నాకు తెలిసింది చెప్పాను. ఆ అత్త నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వు డాక్టరువా?" అంది.

మా మనవరాలి ప్రాక్టికల్ అయిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, మా అబ్బాయి, కోడలు, నేను అందరం తినడానికి కూర్చున్నప్పుడు, తను చూసినవన్నీ చేతులు తిప్పుతూ చెప్పింది. అవి నడుమ వరుస కట్టినాయట, అటూ ఇటూ పోయినాయట. అండం దగ్గరి పంపకం కూడా చెప్పారట. "ఒక్కోసారి తప్పు పోతాయంట జేజీ. అది ఎవురి తప్పూ కాదంట" అంది.

నోట్లో రొట్టె ఉంది. నములుతూనే అనేసింది. అని, పప్పు ఇంకొంచెం వెయ్యమ్మా అని వాళ్ళమ్మ వైపు పళ్ళెం జరిపింది. మా అబ్బాయి తల ఊపి తన తిండి తను తింటున్నాడు. ఇంట్లో ఏమీ కూలలేదు.

నేను లేచి కిటికీలోని గ్లాసు మీదనుంచి ఆ గడ్డను తీశాను. మిగిలిన వేర్లు తెంచి, కోసి, అందరి పళ్ళేల్లో తలా ఒక ముక్క పెట్టాను.